రికార్డుల్లో నా పేరు లేదు, నోటీసులో మాత్రం "డైరెక్టర్" అని రాశారు. చెల్లుతుందా?

#1 – పేపరు రీలు

అందరికీ నమస్కారం. మా మేనల్లుడికి జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. డైరెక్టర్లు ఇద్దరే, వాడు, వాడి భార్య. నేను ఉద్యోగమంతా పేపరు మిల్లుల అమ్మకాల విభాగాల్లో చేసి రిటైరయ్యాను. క్రాఫ్ట్ పేపరు రీళ్లు ఎక్కడ ఏ ధరకు దొరుకుతాయో, ఎవరు ఎన్నాళ్లు అరువిస్తారో తెలిసినవాణ్ణి కాబట్టి, మా అక్క మాట తీసేయలేక కొన్నేళ్లుగా వాడికి తోడుగా ఉంటున్నాను. నాకు అందులో ఒక్క షేరు కూడా లేదు. నెలనెలా కన్సల్టెన్సీ ఫీజు ఇస్తారు, టీడీఎస్ పట్టుకుంటారు, అంతే.

మొన్న ఒక రీళ్ల సరఫరాదారు దగ్గర్నుంచి చెక్కు బౌన్సు నోటీసు వచ్చింది. కంపెనీ పేరు, మేనల్లుడి పేరు, మూడోది నా పేరు. నా పేరు పక్కన "డైరెక్టర్ హోదాలో కంపెనీ వ్యవహారాలన్నీ చూస్తున్న వ్యక్తి" అని రాశారు. చెక్కు మీద సంతకం నాది కాదు. కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో ఎంత వెతికినా నా పేరు కనిపించదు. కంపెనీ చేయని నియామకం అప్పులవాడు చేశాడన్నమాట! ఏ నియామకమూ లేకుండా ఒక మనిషిని డైరెక్టరుగా లెక్కగట్టడానికి చట్టంలో వీలుందా? తెలిసినవారు చెప్పగలరు.

#2 – బెజవాడ బాబాయ్

కంగారు పడకండి. డైరెక్టరు కావాలంటే డిన్ (డైరెక్టరు గుర్తింపు సంఖ్య) ఉండాలి, డీఐఆర్-2 ఫారంలో మీరు సమ్మతి ఇవ్వాలి, నియామకం తెలుపుతూ కంపెనీ డీఐఆర్-12 ఫారం దాఖలు చేయాలి. ఈ మూడింటిలో మీకు ఒక్కటీ లేదు. మా ఆటోనగర్‌లో ఇలాంటి నోటీసులు చాలా చూశాను. సొమ్ము త్వరగా రాబట్టుకోవడానికి కనిపించిన వాళ్లందరి పేర్లూ రాస్తారు. ఆఫీసులో కుక్క ఉంటే దాని పేరూ రాసేవాళ్లే. చించి అవతల పారేయండి.

#3 – పాత సీఎస్ (కంపెనీ సెక్రటరీ)

దయచేసి చించకండి.

బాబాయ్ గారి మాటలో సగం నిజముంది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 2(34) ప్రకారం డైరెక్టరు అంటే బోర్డులోకి నియమితుడైన డైరెక్టరు. అంతకుముందు 1956 చట్టంలో అలా కాదు. ఏ పేరుతో పిలిచినా సరే, డైరెక్టరు స్థానంలో ఉండి వ్యవహరించే ఎవరైనా డైరెక్టరే అని సెక్షన్ 2(13) చెప్పేది. కొత్త చట్టం ఆ తలుపు మూసింది. అందుకే "నియామకం లేనిదే డైరెక్టరు లేడు" అన్న మాట పైకి సరిగ్గానే కనిపిస్తుంది.

మిగతా సగం సెక్షన్ 2(60)లో ఉంది. కంపెనీ తప్పు చేసినప్పుడు శిక్ష, జరిమానా ఎవరి మీద పడాలో చెప్పే నిర్వచనం అది. పూర్తికాలపు డైరెక్టరు, కీలక యాజమాన్య సిబ్బంది, ఇలా వరసగా చెబుతూ మధ్యలో ఇంకొకరిని చేర్చారు: ఎవరి సలహా, ఆదేశం, సూచనల ప్రకారం నడుచుకోవడం బోర్డుకు అలవాటో, ఆ వ్యక్తి. అతని పేరు ఏ రిజిస్టరులోనూ ఉండనక్కర్లేదు. 1956 చట్టంలో ఇదే చోట ఆదేశాలు, సూచనలు మాత్రమే ఉండేవి. సలహా కూడా 2013లో వచ్చి చేరింది.

అంటే మన దేశంలో మిమ్మల్ని ఎవరూ "డైరెక్టరు" అనకపోవచ్చు. డైరెక్టరు మోసే బాధ్యతలో పెద్ద భాగం మాత్రం మీ తల మీద పెట్టవచ్చు. ఇక్కడ కొన్ని విషయాలు తెలియాలి. బోర్డు సమావేశాల్లో కూర్చుంటారా? బ్యాంకుతో ఎవరు మాట్లాడతారు? మనుషుల్ని పనిలోకి ఎవరు తీసుకుంటారు? మీరు వద్దన్న పని మీ మేనల్లుడు ఎప్పుడైనా చేశాడా?

#4 – పేపరు రీలు

సీఎస్ గారికి ధన్యవాదాలు. బోర్డు సమావేశం అంటూ ప్రత్యేకంగా ఏదీ జరగదండీ, ఆడిటర్ గారి ఆఫీసు నుంచి కాగితాలు వస్తే ఇద్దరూ సంతకం పెడతారు. బ్యాంకుకు నేనే వెళతాను, మేనేజరు పాత పరిచయం. క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచినప్పుడు హామీ సంతకం కూడా పెట్టాను. పనివాళ్ల సంగతి ఫోర్‌మన్, నేను చూసుకుంటాం. వద్దన్న పని చేశాడా అంటే… లేదు, వాడికి నా మాట మీద గౌరవం.

కానీ కన్సల్టెన్సీ ఒప్పందం రాతపూర్వకంగా ఉంది. వృత్తిరీత్యా సలహా ఇచ్చేవారికి మినహాయింపు ఉంటుందని మా అల్లుడు అంటున్నాడు. అది నాకు వర్తించదా?

#5 – క్రాయిడన్ తెలుగు

నేను ఇక్కడ చిన్న కంపెనీలకు లెక్కలు చూస్తాను. ఇంగ్లండ్‌లో ఈ విషయం మీద పెద్ద చరిత్రే ఉంది. మన 1956 చట్టపు మాటలు అక్కడి నుంచి వచ్చినవే కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను.

2006 నాటి బ్రిటన్ కంపెనీల చట్టం సెక్షన్ 250లో ఆ పాత నిర్వచనం ఇంకా అలాగే ఉంది. ఏ పేరుతో పిలిచినా, ఆ స్థానంలో ఉన్నవాడు డైరెక్టరే. ఇలా నియామకం లేకుండా డైరెక్టరు పని చేసేవాణ్ణి డి ఫ్యాక్టో డైరెక్టర్ అంటారు. సెక్షన్ 251 షాడో డైరెక్టర్ గురించి. తాను కనిపించకుండా, డైరెక్టర్లకు ఏం చేయాలో చెబుతూ, వాళ్లు అలాగే చేయడానికి అలవాటుపడి ఉంటే అతను షాడో. 1994లో హైడ్రోడామ్ కేసులో జడ్జి మిల్లెట్ ఈ రెంటినీ విడదీశారు. మొదటివాడు డైరెక్టరులాగే అందరి ముందూ తిరుగుతాడు. రెండోవాడు తాను డైరెక్టరు కానే కానంటూ అసలు డైరెక్టర్ల వెనక ఉంటాడు. తర్వాతి తీర్పుల్లో ఈ గీత కొంత చెరిగింది, ఒకే మనిషి రెండూ కావచ్చన్నారు.

2000లో డెవరెల్ కేసులో అప్పీలు కోర్టు రెండు మాటలు చెప్పింది. సలహా రూపంలో ఇచ్చినా లెక్కలోకి వస్తుంది. బోర్డు తన బుద్ధి పూర్తిగా తాకట్టు పెట్టి తలాడించే స్థితిలో ఉండనక్కర్లేదు. రీలు గారు "వాడికి నా మాట మీద గౌరవం" అన్నారే, ఇక్కడి కోర్టులో ఎదుటి లాయరు ఆ వాక్యాన్ని గీత గీసి మరీ చదువుతాడు.

"నేను డైరెక్టర్ననుకోలేదు" అన్న జవాబు ఇక్కడ నిలవదు. 2014లో స్మిథ్‌టన్ కేసులో ఇది స్పష్టంగా చెప్పారు. చేసిన పని ఏమిటో చూస్తారు, మనసులో ఏమనుకున్నాడో చూడరు.

#6 – బెజవాడ బాబాయ్

లండన్ సంగతులు బాగున్నాయి, బెజవాడకు ఎందుకు పనికొస్తాయి? అసలు మన దగ్గర కుటుంబ కంపెనీల్లో తండ్రి మాట కొడుకు వినడా? మామగారు పెట్టుబడి పెడితే అల్లుడు ఆయన్ని అడక్కుండా లారీ కొంటాడా? ఇలా చూస్తే రెండు రాష్ట్రాల్లో ఉన్న తాతయ్యలందరూ డైరెక్టర్లే. పెద్దవాళ్లను సలహా అడగడం నేరమా?

#7 – చెక్కుల వకీలు

బాబాయ్ గారి ప్రశ్న మంచిదే, దానికి సీఎస్ గారు చెబుతారు. నేను నోటీసు సంగతి చూస్తాను, ఎందుకంటే గడియారం తిరుగుతోంది.

నోటీసు చేతికందిన రోజు నుంచి 15 రోజుల్లో సొమ్ము కడితే నేరమే పూర్తికాదు. కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లో వాళ్లు కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక మీ పేరు ఎందుకు పెట్టారన్నది. చెక్కు కంపెనీదైతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 141 పనిచేస్తుంది. నేరం జరిగిన సమయానికి కంపెనీ వ్యాపార నిర్వహణ ఎవరి చేతిలో ఉందో, దానికి కంపెనీకి ఎవరు బాధ్యులో వాళ్లందరూ దోషులే అంటుంది. గమనించండి, డైరెక్టరు అనలేదు. 2005లో ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది. డైరెక్టరైనంత మాత్రాన దోషి కాడు, నిర్వహణలో అతని పాత్ర ఏమిటో ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. మేనేజింగ్ డైరెక్టరు, చెక్కు మీద సంతకం పెట్టినవారు మాత్రం ఎలాగూ దొరికిపోతారు. అందరూ గుర్తుపెట్టుకునే భాగం ఇదే. దాని పక్కనే ఉన్న ఇంకో మాటను చాలామంది వదిలేస్తారు: ఏ పదవీ, ఏ హోదా లేని మనిషి కూడా నిర్వహణ అతని చేతిలో ఉంటే దోషి కావచ్చు. హోదాను కాదు, పోషించిన పాత్రను చూడాలని కోర్టు అక్కడే చెప్పింది.

2009లో కె.కె. ఆహుజా కేసు దీనికి కొంచెం పగ్గం వేసింది. నిర్వహణ చేతిలో ఉండటం ఒక్కటే చాలదు, చట్టరీత్యా కంపెనీకి బాధ్యుడై కూడా ఉండాలి అన్నారు. ఆ కేసులో డిప్యూటీ జనరల్ మేనేజరును ఈ కారణంతోనే మొదటి ఉపసెక్షన్ నుంచి బయటపెట్టారు. రీలు గారూ, సంబరపడకండి. చట్టరీత్యా బాధ్యులు ఎవరెవరో ఆ తీర్పులోనే ఒక జాబితా ఉంది. బోర్డు ఎవరి ఆదేశాల ప్రకారం నడుచుకోవడానికి అలవాటుపడిందో ఆ వ్యక్తి కూడా ఆ జాబితాలో ఉన్నాడు. సీఎస్ గారు చెప్పిన తలుపు ఇక్కడికే తెరుచుకుంటుంది.

ఒక ప్రశ్న. సంతకం మీది కాదన్నారు. చెక్కు రాసింది ఎవరు?

#8 – నిర్వాహకులు

నోటీసు ఫొటో పెట్టవద్దు. సరఫరాదారు పేరు కనిపిస్తున్న ఒక ఫొటోను ఇప్పుడే తొలగించాం.

#9 – పేపరు రీలు

ఫొటో పెట్టినందుకు మన్నించండి.

వకీలు గారూ, మేనల్లుడు తరచూ ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి చెక్కు పుస్తకంలో కొన్నింటి మీద ముందే సంతకాలు పెట్టి నా దగ్గర ఉంచుతాడు. ఎవరికి ఎంత ఇవ్వాలో నేను రాస్తాను. ఈ చెక్కు కూడా అలాంటిదే. ఆ నెలలో ఒక మందుల కంపెనీ నుంచి రావలసిన సొమ్ము ఆగిపోయింది. ఆ సరఫరాదారు ఫోనుల మీద ఫోనులు చేస్తుంటే, "వేసుకోండి, వచ్చే వారానికి సర్దుబాటవుతుంది" అని నేనే ఇచ్చాను.

#10 – పాత సీఎస్

ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు.

వృత్తిపరమైన సలహా మినహాయింపు గురించి అడిగారు. ఉంది. ఆడిటరు, లాయరు, ఇంజినీరింగ్ సలహాదారు, ఇలాంటివారు తమ విద్యకు సంబంధించిన సలహా ఇస్తే బోర్డు దాన్ని ప్రతిసారీ పాటించినా వాళ్లు ఈ పరిధిలోకి రారు. "ఫలానా మిల్లు రీళ్ల నాణ్యత బాగుంటుంది, ధర ఇంత ఉండాలి" అని మీరు చెప్పినంత వరకు మీ ఒప్పందం మిమ్మల్ని కాపాడుతుంది. ఎవరికి ముందు కట్టాలి, ఎవరికి చెక్కు ఇచ్చి గడువు సాగదీయాలి, ఎవరిని పనిలోంచి తీసేయాలి అన్నవి సలహాలు కావు. అవి యాజమాన్యపు నిర్ణయాలు. ఒప్పందం మీద ఏ పేరు రాసుకున్నా, టీడీఎస్ ఏ సెక్షన్ కింద పట్టుకున్నా వాటి స్వభావం మారదు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. సెక్షన్ 2(53) చదవండి. బోర్డు పర్యవేక్షణకు లోబడి కంపెనీ వ్యవహారాలన్నింటినీ, లేదా దాదాపు అన్నింటినీ నిర్వహించే వ్యక్తి "మేనేజరు". ఏ పేరుతో పిలిచినా, ఉద్యోగ ఒప్పందం ఉన్నా లేకపోయినా, ఆ స్థానంలో ఉన్నవాడు మేనేజరే. డైరెక్టరు నిర్వచనం నుంచి తీసేసిన ఆ పాత మాటలను పార్లమెంటు మేనేజరు నిర్వచనంలో ఉంచేసింది. మేనేజరు కీలక యాజమాన్య సిబ్బందిలో ఒకడు. కాబట్టి "నేను తెరవెనుక లేను, ముందే ఉన్నాను" అని మీరు వాదిస్తే రెండో గుంటలో పడతారు. నా మటుకు నాకు మీ పరిస్థితి షాడో డైరెక్టరు కంటే దీనికే దగ్గరగా కనిపిస్తోంది.

బాబాయ్ గారికి: తాతయ్యలు క్షేమమే. "అలవాటు" అన్న షరతు అక్కడే అక్కరకొస్తుంది. లారీ కొనేముందు మామగారిని అడిగితే, ఆయన వద్దన్నా అల్లుడు కొన్న సందర్భాలు కూడా ఉంటే, అది సలహా. సెక్షన్ 2(60) కింద ఒక డైరెక్టరు వింటే చాలదు, బోర్డు వినాలి. అది కూడా ఒకసారి రెండుసార్లు కాదు, వ్యవహారం నడిచే తీరే అది కావాలి. పదిమంది ఉన్న బోర్డులో దీన్ని రుజువు చేయడానికి చెమటలు పడతాయి. భార్యాభర్తలిద్దరే బోర్డు అయినచోట, ఇద్దరూ వచ్చిన కాగితం మీద సంతకం పెట్టి పంపేచోట, పెద్దగా కష్టపడనక్కర్లేదు.

#11 – కోడ్ అండ్ కాఫీ

చర్చ దారి మళ్లిస్తున్నందుకు క్షమించండి. హైదరాబాద్‌లో మాది చిన్న స్టార్టప్. మా ఏంజెల్ ఇన్వెస్టరు బోర్డులో లేరు. కానీ 25 లక్షలు దాటిన ఖర్చుకు, కొత్త షేర్ల జారీకి ఆయన రాతపూర్వక అనుమతి కావాలని ఒప్పందంలో ఉంది. మరి ఆయన షాడో అవుతారా?

#12 – పాత సీఎస్

ఆపే హక్కు వేరు, నడిపే హక్కు వేరు. ఆయన వద్దంటే మీరు ఆగుతారు, అంతేగానీ ఏం చేయాలో ఆయన చెప్పడం లేదు. 2018లో ఆర్సెలర్‌మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు దివాలా స్మృతి సెక్షన్ 29ఎ సందర్భంలో "నియంత్రణ" అంటే కంపెనీని నడిపించగల నియంత్రణేననీ, ప్రత్యేక తీర్మానాన్ని అడ్డుకునే బలం ఒక్కటే దాని కిందకు రాదనీ చెప్పింది. వేరే సెక్షన్ మీద వచ్చిన తీర్పయినా ఆలోచన ఇక్కడికీ పనికొస్తుంది. అప్పిచ్చిన బ్యాంకు షరతులు పెట్టడం కూడా ఇలాంటిదే. తన సొమ్ము కాపాడుకోవడం కంపెనీని నడపడం కాదు. అదే ఇన్వెస్టరు ప్రతి సోమవారం ఫోను చేసి ఎవరికి జీతం పెంచాలో, ఏ ఆర్డరు వదిలేయాలో చెబుతూ, మీరు "సరే సార్" అంటూ ఉంటే మళ్లీ ఇక్కడికి రండి.

#13 – క్రాయిడన్ తెలుగు

ఇక్కడి కాంట్రాక్టర్లకు ఆసక్తి కలిగించే కేసు ఒకటుంది. 2010 నాటి హాలండ్ కేసు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాంట్రాక్టు పనివాళ్ల కోసం ఒకాయన 42 కంపెనీలు పెట్టించాడు. చిన్న కంపెనీలకు ఉండే తక్కువ పన్ను రేటు దక్కాలన్నది ఉద్దేశం. వాటన్నింటికీ డైరెక్టరు మనిషి కాదు, ఇంకో కంపెనీ. ఆ కంపెనీకి ఈయన డైరెక్టరు. ఎక్కువ రేటు పన్ను కట్టాలని తేలేసరికి కంపెనీల్లో డబ్బు లేదు, అంతా డివిడెండ్లుగా పోయింది. ఆ 42 కంపెనీలకూ ఈయనే డి ఫ్యాక్టో డైరెక్టర్ అని పన్ను శాఖ వాదించింది. ముగ్గురు జడ్జీలు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. డైరెక్టరుగా ఉన్న కంపెనీ తరఫున చేయవలసిన పని చేసినంత మాత్రాన కింది కంపెనీలకు డైరెక్టరు కాడన్నది మెజారిటీ మాట. నాకైతే ఆ ఇద్దరి మాటే సబబుగా అనిపిస్తుంది. నిర్ణయాలన్నీ ఒక్కడివే అయినప్పుడు మధ్యలో కాగితపు కంపెనీ ఒకటి అడ్డం పెడితే మనిషి మాయమైపోతాడా?

అలాంటి ఏర్పాటు ఇండియాలో కుదరదనుకుంటాను.

#14 – పాత సీఎస్

కుదరదు. సెక్షన్ 149 ప్రకారం మనుషులే డైరెక్టర్లు కావాలి.

#15 – సంతకం మాత్రమే

ఇంతసేపూ చదువుతున్నాను. అందరూ మామగారి గురించే మాట్లాడుతున్నారు. ఆ రెండో డైరెక్టరు, ఆ కోడలు, ఆమె సంగతి ఎవరికైనా గుర్తుందా?

నేనూ అలాంటి కోడలినే. పెళ్లయిన కొత్తలో అత్తింటివారి కంపెనీలో రెండో పేరు కావాలంటే నా పాన్ కార్డు, ఫొటోలు ఇచ్చాను. ఆ కంపెనీ ఏం చేసేదో కూడా నాకు సరిగ్గా తెలియదు. నిర్ణయాలన్నీ మా బావగారివి, ఆయన పేరు ఎక్కడా లేదు. వార్షిక లెక్కలు దాఖలు చేయకుండా వదిలేశారు. 2017 సెప్టెంబరులో ప్రభుత్వం ఇలాంటి 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసి, 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది కదా, ఆ జాబితాలో నా పేరు చూసుకున్నాను. మూడేళ్లు వరసగా లెక్కలు ఇవ్వని కంపెనీ డైరెక్టర్లకు అయిదేళ్ల అనర్హత. అప్పటికి నేను స్నేహితురాలితో కలిసి సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్నాను. అందులోంచి తప్పుకోవలసి వచ్చింది. బావగారికి ఏమీ కాలేదు, ఆయనకు డిన్ అంటూ ఉంటే గదా అనర్హత రావడానికి!

నిజంగా నడిపించేవారిని చట్టం పట్టుకుంటుందని పైన చాలా తీర్పులు చెప్పారు. నా అనుభవంలో అది ముందు పట్టుకునేది కాగితం మీద ఉన్నవారినే.

#16 – చెక్కుల వకీలు

అమ్మా, మీరు చెప్పింది నేను రోజూ కోర్టులో చూసేదే. వాస్తవంగా నడిపినవాడు దొరికితే కాగితం మీద ఉన్నవారు బయటపడతారని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఒకరి బాధ్యత ఇంకొకరి బాధ్యతను తుడిచేయదు.

పన్నుల్లో ఇది ఇంకా కఠినం. ప్రైవేటు కంపెనీ నుంచి ఆదాయపు పన్ను బకాయి రాకపోతే ఆ సంవత్సరంలో డైరెక్టర్లుగా ఉన్నవారి నుంచి వసూలు చేయవచ్చు. తన నిర్లక్ష్యం వల్ల కాదని రుజువు చేసుకునే భారం డైరెక్టరుదే. జీఎస్టీలోనూ సెక్షన్ 89 ఇదే తీరు. ఈ రెండు చోట్లా తెరవెనుక మనిషి కంటే ముందు దొరికేది సంతకం పెట్టిన మనిషి. మోసం విషయానికొస్తే మాత్రం వల పెద్దది. కంపెనీల చట్టం సెక్షన్ 339, దివాలా స్మృతి సెక్షన్ 66(1), రెండూ తెలిసి పాలుపంచుకున్న "ఎవరినైనా" అంటాయి. మీ బావగారు అక్కడ దొరికేవారు, కానీ లెక్కలు దాఖలు చేయకపోవడాన్ని మోసంగా రుజువు చేయడానికి ఎవరు పూనుకుంటారు?

#17 – బెజవాడ బాబాయ్

ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. మా వీధిలో డ్రైవరు పేరు మీద, వంటమనిషి పేరు మీద కంపెనీలు పెట్టినవాళ్లు ఉన్నారు. ఏదైనా తేడా వస్తే ముందు పోలీసు జీపు ఆగేది ఆ డ్రైవరు ఇంటి ముందే. అయితే రీలు గారి విషయంలో నా మాట నాదే, ఆయన సంతకం లేదు, షేరు లేదు, లాభం లేదు. ఊరికే సాయం చేసినందుకు జైలా?

ఇంకో సందేహం. నియామకంలో లోపం ఉన్నా డైరెక్టరు చేసిన పనులు చెల్లుతాయని ఒక సెక్షన్ ఉంది గదా. అది ఈయనకు అడ్డమా, ఆసరానా?

#18 – పాత సీఎస్

రెండూ కాదు. అది సెక్షన్ 176. నియామకం జరిగి, అందులో తర్వాత లోపం బయటపడితే, అప్పటిదాకా చేసిన పనులను కాపాడుతుంది. నియామకమే జరగనిచోట అది రాదు. ఈ తేడాను బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1946లోనే మోరిస్ కేసులో తేల్చింది.

"లాభం లేదు" అన్నారు. షేరు లేకపోవడం ఆయనకు కొంత మేలే, కాదనను. అయితే ఈ నిర్వచనాల్లో ఎక్కడా లాభం ఒక షరతు కాదు. బ్యాంకు హామీ సంతకం పెట్టడం కూడా దానంతట అది ఆయన్ను ఏమీ చేయదు, బయటివాళ్లు ఎందరో హామీ ఉంటారు. కానీ హామీ, బ్యాంకు మేనేజరుతో మాటలు, పనివాళ్ల నియామకం, సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులు, "వేసుకోండి" అన్న ఫోను మాట, వీటన్నింటినీ ఒకే ఫిర్యాదులో ఒకదాని పక్కన ఒకటి పేర్చితే చదివే మేజిస్ట్రేటుకు ఏమనిపిస్తుందో ఆలోచించండి. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ జవాబు ఉంటుంది.

#19 – పేపరు రీలు

రెండు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. అక్కకు చెబితే "నీ మూలంగానే వాడు నిలబడ్డాడు, నీ మీద కేసేమిటి" అంటోంది. ఆమెకు సెక్షన్లు ఏం చెప్పను?

సరే, ఒక ఉపాయం తోచింది. ఎలాగూ అన్నీ నేనే చూస్తున్నానంటున్నారు గదా, నన్ను డైరెక్టరుగా వేసేస్తే గొడవ పోతుందా? నాలుగు నెలల కిందటి తేదీతో తీర్మానం రాసుకుందామని మేనల్లుడు అంటున్నాడు. లేదంటే, నేను కంపెనీకి ఏమీ కానని, అప్పుడప్పుడు చూడటానికి వస్తానని నోటీసుకు జవాబిద్దామా?

#20 – చెక్కుల వకీలు

రెండూ వద్దు, రెండోది అసలే వద్దు. "ఏమీ కాను" అని రాసి ఇస్తే ఆ సరఫరాదారు దగ్గరున్న మీ వాట్సాప్ సందేశాలు ఆ జవాబు పక్కనే పెడతాడు. అక్కడి నుంచి మీరు ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

జవాబు మాత్రం తప్పకుండా ఇవ్వాలి. ఊరుకుంటే, రేపు హైకోర్టులో కేసు కొట్టివేయమని వెళ్లినప్పుడు "అప్పుడెందుకు చెప్పలేదు" అంటారు. ఉన్నది ఉన్నట్టు రాయించండి: మీరు నియమితులైన డైరెక్టరు కాదు, చెక్కు మీద సంతకం మీది కాదు, మీ పని కొనుగోళ్లకు సంబంధించినది, కంపెనీకి మీ ఒప్పందం ఫలానా. ఇందులో అబద్ధం ఏదీ లేదు. అడగని విషయాలు మీ అంతట మీరు చెప్పనక్కర్లేదు. మీ ఒప్పందం, ఈమెయిళ్లు పట్టుకుని స్థానిక లాయరు దగ్గరకు వెళ్లండి, ఈ వేదిక మీద చదివింది చాలదు. అన్నిటికన్నా తేలిక మార్గం, గడువులోగా సొమ్ము కట్టడమో, వాళ్లతో రాతపూర్వకంగా రాజీపడటమో. కట్టేస్తే మనం ఇంతసేపు చర్చించినదంతా మీ వరకు పుస్తకాల్లో విషయమే అవుతుంది.

#21 – పాత సీఎస్

వెనకటి తేదీ గురించి గట్టిగా చెబుతున్నాను. అది ఒక్క చెక్కు కేసును తీసుకెళ్లి మోసం కేసులో కలపడం. రిజిస్ట్రారుకు తెలిసి తప్పుడు వివరం ఇస్తే సెక్షన్ 448, శిక్ష 447 కింద. ఆ మాట మేనల్లుడు ఇంకెవరి దగ్గరా అనకుండా చూడండి.

ఈ రోజు తేదీతో డైరెక్టరు కావడం తప్పేమీ కాదు, ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) వీలుంటే సెక్షన్ 161 కింద అదనపు డైరెక్టరుగా తీసుకుని 30 రోజుల్లో డీఐఆర్-12 వేయవచ్చు. కానీ అది రేపటి సంగతి, బౌన్సయిన చెక్కు నిన్నటిది. పైగా పన్ను బకాయిల భారం కూడా అప్పటి నుంచి మీ మీదకు వస్తుంది. మీ వయసులో అది ఎందుకు?

ఇంకో దారి, నిజంగానే వెనక్కి తగ్గడం. ఎంత మొత్తం దాకా రీళ్ల ఆర్డరు మీరు ఇవ్వవచ్చో బోర్డు చేత ఒక తీర్మానం చేయించండి, అంతకుమించితే ఆ ఇద్దరి రాతపూర్వక అనుమతి ఉండాలి. బ్యాంకుకు మేనల్లుడు వెళ్లాలి. సంతకాలు పెట్టిన చెక్కులన్నీ అతనికి తిరిగి ఇచ్చేయండి. ఇవన్నీ కాగితం మీద రాసుకుని పాత పద్ధతిలోనే నడిస్తే మాత్రం ఆ తీర్మానమే మీకు ఎదురుసాక్ష్యం.

#22 – సంతకం మాత్రమే

ఆ తీర్మానం మీద కోడలు కూడా సంతకం పెట్టాలి గదా. ఈసారైనా చదివి పెట్టమనండి. సెక్షన్ 166 కింద డైరెక్టరు స్వతంత్ర బుద్ధితో నిర్ణయం తీసుకోవాలి. ఆ బాధ్యత ఆమెది, మామగారిది కాదు, భర్తదీ కాదు.

#23 – పేపరు రీలు

లాయరును కలిశాం. జవాబు పంపారు. సరఫరాదారుతో మేనల్లుడే వెళ్లి మాట్లాడాడు. సగం ఇప్పుడు, మిగతాది ఆ మందుల కంపెనీ సొమ్ము రాగానే ఇచ్చేలా రాసుకుంటున్నారు. నేను వెళ్లలేదు. వెళ్తే ఇంకొంచెం గడువు తెచ్చేవాణ్ణి, అది వేరే సంగతి.

ఈ చర్చ మొత్తం మా కోడలికి చదివి వినిపించాను. ఏమీ అనకుండా విని, ఇన్నాళ్లూ తాను సంతకాలు పెట్టిన మినిట్స్ పుస్తకం చూడాలంది. మేనల్లుణ్ణి అడిగితే అది ఆడిటర్ గారి గుమాస్తా దగ్గర ఉంటుందన్నాడు. ఆ గుమాస్తా ఉద్యోగం మారాడట.

#24 – పాత సీఎస్

ఆ పుస్తకం రిజిస్టర్డ్ ఆఫీసులో ఉండాలి, లేదా బోర్డు నిర్ణయించిన చోట. గుమాస్తా సంచిలో కాదు. రేపే ఆడిటరుకు ఈమెయిల్ పెట్టించండి. పెట్టేది డైరెక్టర్లలో ఒకరు కావాలి, మీరు కాదు.